ఇంట్లోనే బైక్ కార్బొరేటర్ విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించడం ఎలా? సమగ్ర మార్గదర్శి

ఇది ఒకే సిలిండర్, ఒకే కార్బొరేటర్ ఉన్న బైకుల కోసం: స్ప్లెండర్, పల్సర్, అపాచీ, పాత బుల్లెట్, ఆర్‌ఎక్స్ 100 వగైరా. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి కాబట్టి, అంతకు ముందు కొన్న బండి ఉన్నవాళ్లకే ఇది పనికొస్తుంది.

బెంగళూరులో మనవాళ్లు కార్బొరేటర్ గురించి అడిగేవి ఎక్కువగా రెండు రకాలు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో నెలల తరబడి కదలకుండా పడున్న బండి స్టార్ట్ కావడం లేదనేది ఒకటి. నెల్లూరు నుంచో విజయవాడ నుంచో తెప్పించుకున్న బండి ఇక్కడికొచ్చాక పొగ వాసన, మందకొడి పికప్ చూపిస్తోందనేది రెండోది. మొదటిదానికి కింద రాసిందంతా కావాలి. రెండోదానికి చాలాసార్లు విప్పే పనే ఉండదు, నేరుగా 10వ భాగం చదవండి.

మొత్తం పనికి సగం రోజు పెట్టుకోండి. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు అదే బండి కావాలనుకుంటే ఆదివారం సాయంత్రం మొదలుపెట్టొద్దు.

1. విప్పే ముందు: తప్పు కార్బొరేటర్‌దేనా?

బండి సరిగా నడవకపోతే అందరి చూపూ ముందు దాని మీదే పడుతుంది. కానీ కింది వాటిలో ఏది పాడైనా లక్షణాలు అచ్చం అలాగే ఉంటాయి. ఇవన్నీ చూడటానికి అరగంట పట్టదు.

☐ ప్లగ్: కొత్తది వేసి చూడండి. పాతదాన్ని గీకి మళ్లీ పెట్టి తేల్చుకోవద్దు.

☐ ఎయిర్ ఫిల్టర్: దుమ్ముతో మూసుకుపోతే బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పొగ నల్లగా వస్తుంది.

☐ పెట్రోల్ ధార: కార్బొరేటర్ దగ్గర పైపు లాగి, సీసాలో పెట్టి ట్యాప్ తిప్పండి. ధార సాఫీగా పడాలి. మొదట బాగా పడి, కాసేపటికి సన్నబడి, ట్యాంకు మూత తెరవగానే మళ్లీ పుంజుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. వాక్యూమ్ ట్యాప్ ఉన్న బండిలో ఇంజన్ తిరగనిదే ధార రాదని గుర్తుంచుకోండి.

☐ నీళ్లు: కార్బొరేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చినదాన్ని గాజు సీసాలో పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీళ్లు, ఎర్రటి పొడి కనిపిస్తే ట్యాంకు తుప్పు. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది నీళ్లను పట్టేసుకుంటుంది. పట్టుకోగలిగినంత దాటాక నీళ్లతో కలిసి అడుక్కి దిగిపోతుంది.

☐ మానిఫోల్డ్ రబ్బరు: కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే ఈ ముక్కను వంచి చూడండి. పగుళ్లుంటే ఐడ్లింగ్ ఎప్పటికీ నిలవదు.

☐ వాల్వ్ క్లియరెన్స్: ఫోర్ స్ట్రోక్ బండిలో వాల్వులు బిగుసుకుపోయినా చలిలో స్టార్ట్ కాదు, సిగ్నల్ దగ్గర ఆఫ్ అవుతుంది.

ఇవన్నీ బాగున్నాక కార్బొరేటర్‌లో ఎక్కడ తేడా ఉందో బండే చెబుతుంది. సిల్క్‌బోర్డు సిగ్నల్ దగ్గర ఆఫ్ అయిపోతూ, రేస్ పట్టుకుంటే మాత్రం నడిచే బండికి పైలట్ జెట్ (ఐడ్లింగ్‌కి పెట్రోలు కొలిచి వదిలే, సన్న రంధ్రమున్న ఇత్తడి మర, మెకానిక్కులు స్లో జెట్ అనేది) మూసుకుపోయి ఉంటుంది. హోసూరు రోడ్డులో ఫుల్ రేస్ ఇచ్చినప్పుడే గుక్కపట్టే బండికి మెయిన్ జెట్‌లోనో (ఫుల్ రేస్‌కి పెట్రోలు వదిలేది), పెట్రోల్ ధారలోనో లోపం. ఆపి ఉంచినప్పుడు కింద పైపులోంచి పెట్రోలు కారుతుంటే తప్పు ఫ్లోట్ నీడిల్‌ది (అడుగు గిన్నెలో తేలే ఫ్లోట్ పైకి లేచినప్పుడు పెట్రోలు దారి మూసే సూది).

2. చోటు, పనిముట్లు, సామాను

బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఈ పని చేయొద్దు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి పోకుండా నేలబారుగా పాకి, గాలి ఆడని చోట పేరుకుంటుంది. గ్యాస్ గీజర్, దీపం, వాషింగ్ మెషీన్ ఉన్న బాల్కనీ కూడా పనికిరాదు. ఆరుబయట నీడ పట్టున చేయండి. పక్కన బకెట్ ఇసుకైనా, చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషరైనా ఉండాలి.

☐ కళ్లజోడు. స్ప్రే ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి నేరుగా కంట్లోకి వస్తుంది. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

☐ నైట్రైల్ గ్లవ్స్

☐ 8, 10, 12 మి.మీ. స్పానర్లు, నోస్ ప్లయర్

☐ స్టార్ స్క్రూడ్రైవర్ 2 నంబరు. జపాన్ డిజైన్ కార్బొరేటర్ల స్క్రూలు మామూలు స్టార్‌లా కనిపించినా జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకానివి. మామూలు డ్రైవర్ వాటిలో లోతుగా కూర్చోదు, గట్టిగా తిప్పితే జారి తల తినేస్తుంది. జేఐఎస్ డ్రైవర్ దొరికితే అదే కొనండి.

☐ జెట్ గాడికి వెడల్పులో సరిగ్గా సరిపోయే రెండు మూడు ఫ్లాట్ స్క్రూడ్రైవర్లు

☐ కార్బ్ క్లీనర్ స్ప్రే, సన్న గొట్టం ఉన్నది. ఒక డబ్బా చాలు.

☐ గాలి: కంప్రెసర్ లేకపోతే సైకిల్ పంపు, లేదంటే దగ్గర్లోని పంక్చర్ షాపు

☐ పలుచటి మల్టీస్ట్రాండ్ కరెంటు వైరు ముక్క. లోపలి రాగి పోగు సుమారు 0.2 మి.మీ. ఉంటుంది. రాగి పోగు మెత్తన కాబట్టి ఇత్తడి జెట్‌ను గీకదు.

☐ మి.మీ. గుర్తులున్న స్కేలు లేదా వెర్నియర్, జానెడు పారదర్శక పైపు, అరలున్న ప్లాస్టిక్ డబ్బా, తెల్ల గుడ్డ

రిపేర్ కిట్ గురించి. జేసీ రోడ్డు స్పేర్స్ దుకాణంలో "అన్నా, పల్సర్ 150 కార్బొరేటర్ కిట్ ఇవ్వు" అంటే సరిపోదు. అదే బండికి వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు కార్బొరేటర్లు వచ్చాయి. బాడీ మీద చెక్కిన నంబరు ఫోటో తీసుకెళ్లండి, కుదిరితే పాత ఫ్లోట్ నీడిల్, ప్యాకింగ్ జేబులో వేసుకెళ్లండి. అంటే ముందు విప్పి, తర్వాత కొనడమే మేలు.

3. మీది స్లయిడ్ రకమా, సీవీ రకమా?

యాక్సిలరేటర్ కేబుల్ నేరుగా కార్బొరేటర్ నెత్తిన దిగి, మరమూతలోంచి లోపలికి పోతుంటే అది స్లయిడ్ రకం (కేబుల్ లాగితే పైకి లేచి గాలి దారిని తెరిచే లోపలి దిమ్మెనే స్లయిడ్ అంటారు). ఆర్‌ఎక్స్ 100, పాత బుల్లెట్, స్ప్లెండర్ ఇలాంటివి. కేబుల్ పక్కనున్న చక్రానికి తగులుకుని, నెత్తిన రెండు లేదా నాలుగు స్క్రూలతో వెడల్పాటి మూత ఉంటే సీవీ రకం. పల్సర్, అపాచీ, క్లాసిక్ 350 లాంటి వాటిలో చాలావరకు ఇదే. ఆ మూత కింద డయాఫ్రం అనే పలుచటి రబ్బరు పొర ఉంటుంది. సీవీలో పాడు చేసుకునేది ఎక్కువగా దాన్నే.

4. బండి నుంచి దించడం

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. ఒక్కో పైపు తీసేముందు ఫోటో తీయండి.

1. పెట్రోల్ ట్యాప్ మూసి, డ్రెయిన్ స్క్రూ తెరిచి లోపలి పెట్రోలు సీసాలో పట్టండి.

2. పెట్రోల్ పైపు, ఓవర్‌ఫ్లో పైపులు తీయండి. బిగుసుకుపోయిన పైపును లాగొద్దు, ముందు మెలితిప్పండి.

3. టీపీఎస్ సెన్సర్ (యాక్సిలరేటర్ ఎంత తెరుచుకుందో చెప్పేది) ఉంటే కనెక్టర్ మాత్రమే ఊడదీయండి. సెన్సర్‌ను బాడీకి పట్టి ఉంచే స్క్రూలు కదపొద్దు. దాని కోణం కంపెనీలో సెట్ చేసింది, కదిలితే ఇంట్లో సరిచేయలేరు.

4. రెండు వైపులా క్లిప్పులు వదులు చేసి, ఫిల్టర్ వైపు రబ్బరును వెనక్కి నెట్టి, కార్బొరేటర్‌ను కాస్త తిప్పుతూ పక్కకు లాగండి.

5. కేబుల్ తీయండి. స్లయిడ్ రకమైతే పైమూత మర విప్పి, స్లయిడ్‌ను కేబుల్‌తో పాటే బయటికి లాగి, గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి.

6. ఇంజన్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. అందులోకి ఒక్క వాషర్ జారినా పని హెడ్ విప్పేదాకా వెళ్తుంది.

5. విప్పడం: లెక్క రాసుకుంటూ

ఏది ఏ స్థితిలో ఉందో రాసుకున్నాకే విప్పండి. శుభ్రం చేయడంలో జరిగే పొరపాట్లకంటే, పాత సెట్టింగ్ గుర్తులేక జరిగే పొరపాట్లే ఎక్కువ ఏడిపిస్తాయి.

బాడీ పైభాగమంతా ముందు బయటి నుంచి బ్రష్‌తో కడగండి. తర్వాత:

1. మిక్స్చర్ స్క్రూ (ఐడ్లింగ్‌లో పెట్రోలు, గాలి పాళ్లు సరిచేసేది). తీసేముందు లోపలికి మెల్లగా తిప్పుతూ, అడుగు తగిలేదాకా ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టండి. "ఒకటిన్నర", "రెండుంబావు" అని కాగితం మీద రాయండి. అడుగు తగిలాక బిగించొద్దు, సూది మొన అది కూర్చునే రంధ్రాన్ని చీల్చేస్తుంది. ఆ తర్వాత పూర్తిగా విప్పండి. స్ప్రింగు, చిన్న వాషర్, ఓ రింగ్ (గుండ్రటి రబ్బరు ఉంగరం) ఆ వరసలో వస్తాయి. వాషర్, ఓ రింగ్ తరచూ లోపలే ఉండిపోతాయి. కొన వంచిన తీగతో బయటికి లాగండి. వాటిని లోపలే వదిలేసి స్ప్రే కొడితే అవి లోపలి దారిలో ఇరుక్కుంటాయి.

2. అడుగు గిన్నె. స్క్రూ మొరాయిస్తే డ్రైవర్‌ను గాడిలో నిటారుగా పెట్టి, పిడి మీద సుత్తితో రెండు దెబ్బలు మెల్లగా వేసి తిప్పండి. అప్పటికీ రాకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట ఆగండి. తల తినేసిన స్క్రూల బదులు తిరిగి బిగించేటప్పుడు అదే కొలత అలెన్ బోల్టులు వేసుకుంటే వచ్చేసారి బాధ ఉండదు.

3. ఫ్లోట్ పిన్. ఇది చాలా కార్బొరేటర్లలో ఒక వైపు నుంచే బయటికి వస్తుంది. దాన్ని పట్టి ఉంచే దిమ్మెలు అల్యూమినియం పోత, ఒక్క దెబ్బకు విరుగుతాయి. విరిగితే బాడీ మొత్తం మార్చాల్సిందే. సన్న మేకుతో వేలి ఒత్తిడి మీదే నెట్టండి.

4. మెయిన్ జెట్, దాని కింది ఎమల్షన్ ట్యూబు, తర్వాత పైలట్ జెట్. పైలట్ జెట్ లోతైన గొట్టంలో ఉంటుంది, గాడి చాలా మెత్తన. డ్రైవర్ సరిగ్గా పట్టకపోతే తిప్పొద్దు. కదలకపోతే, పెట్రోలు పూర్తిగా ఆరిపోయాక బాడీని బాగా వేడి నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచి ప్రయత్నించండి. వేడికి ఇత్తడికంటే అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు వదులుతుంది.

5. జెట్ నీడిల్ (స్లయిడ్ నుంచి కిందికి వేలాడే సూది). క్లిప్పు పైనుంచి ఎన్నో గాడిలో ఉందో రాసుకున్నాకే తీయండి. అసలు తీయకుండా ఉంటే ఇంకా మంచిది.

6. సీవీ పైమూత. స్క్రూలు తీసేటప్పుడు మూతను వేలితో అదిమి పట్టండి, లోపల పొడవాటి స్ప్రింగు ఉంటుంది. డయాఫ్రం అంచును గోటితో మెల్లగా లేపండి, డ్రైవర్ పెట్టి కాదు.

ఈ దశలో చేతిలో ఉన్న బాడీకి రబ్బరూ ప్లాస్టిక్కూ ఏదీ ఉండకూడదు, విప్పొద్దన్న టీపీఎస్ తప్ప. దాన్ని ప్లాస్టిక్ కవరుతో కప్పి, ఆ వైపు స్ప్రే పోకుండా చూడండి.

6. శుభ్రం చేయడం

చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ జోలికి పోవద్దు. ఇత్తడి జెట్లు తళతళలాడతాయి నిజమే, కానీ కార్బొరేటర్ బాడీ అల్యూమినియం లేదా జింక్ మిశ్రమ లోహం, పులుపుకి నల్లబడి గుంటలు పడుతుంది.

జెట్లు. ఆకాశం వైపు పెట్టి చూడండి. రంధ్రం గుండ్రంగా, అంచు పదునుగా కనిపించాలి. పైలట్ జెట్ రంధ్రం వెంట్రుకంత ఉంటుంది, ఆరిపోయిన పెట్రోలు జిగురు మొదట మూసేది దాన్నే. స్ప్రే కొట్టి పది నిమిషాలు నాననిచ్చి, రాగి పోగు దూర్చి తీసి, గాలి కొట్టండి. గుండుసూది, పిన్నీసు, స్టీలు తీగ వద్దు. జెట్ నంబరు ఎంత అన్నది రంధ్రం కొలతను బట్టే ఉంటుంది, ఒక్క గీత పడినా ఆ నంబరుకు అర్థం ఉండదు. ఎమల్షన్ ట్యూబుకు పక్కన ఉండే సన్న రంధ్రాలు కూడా ఒక్కోటీ వెలుతురు కనిపించాలి.

బాడీ లోపలి దారులు. అసలు పని ఇక్కడుంది. జెట్లు మెరిపించి, ఈ దారులు వదిలేసి బిగించేస్తే బండి మళ్లీ సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది.

పైలట్ జెట్ కూర్చునే రంధ్రంలో స్ప్రే గొట్టం పెట్టి కొట్టండి. మూడు చోట్ల నుంచి ద్రవం రావాలి: ఇంజన్ వైపు నోట్లో అడుగున ఉండే పైలట్ రంధ్రం, దాని పక్కనే స్లయిడ్ లేదా బటర్‌ఫ్లై (సీవీలో కేబుల్‌తో తిరిగే గుండ్రటి రేకు) అంచు కిందుండే ఒకటో రెండో సన్న రంధ్రాలు, ఫిల్టర్ వైపు నోట్లో ఉండే పైలట్ గాలి రంధ్రం. సాఫీగా వచ్చే రంధ్రాన్ని వేలితో మూస్తే ఒత్తిడి మిగతావాటి వైపు మళ్లి, మూసుకుపోయినవి తెరుచుకుంటాయి. తర్వాత ఎదురు దిశలో, అంటే ఇంజన్ వైపు రంధ్రంలోంచి జెట్ వైపు కొట్టండి. మిక్స్చర్ స్క్రూ రంధ్రంలోంచి కూడా. ఒక్కో రంధ్రం నుంచి ఎగిరే ధార సన్నగా, నిటారుగా ఉండాలి. ఊరికే తడి ఊరుతున్నట్టుంటే ఇంకా అడ్డం ఉందని లెక్క. చివర గాలి కొట్టి ఆరనివ్వండి.

అడుగు గిన్నె. జిగురు, ఆకుపచ్చ మరక గీకి తీస్తారు గానీ, చోక్‌కి పెట్రోలు తీసుకెళ్లే సన్న దారి చాలా గిన్నెల్లో ఓ మూలనే ఉంటుంది, దాన్ని చూడరు. అది మూసుకుపోతే డిసెంబరు పొద్దుల్లో చోక్ ఎంత లాగినా బండి కదలదు.

డయాఫ్రం, ఓ రింగులు, ఫ్లోట్. వీటికి కార్బ్ క్లీనర్ తగలకూడదు, రబ్బరు ఉబ్బి గాడిలో పట్టదు. సబ్బు నీళ్లు చాలు. డయాఫ్రాన్ని లైటుకు అడ్డం పెట్టి వేళ్లతో కొద్దిగా సాగదీసి చూడండి. సూదిమొనంత వెలుతురు కనిపించినా మార్చాల్సిందే, అతుకులు నిలవవు.

అల్ట్రాసోనిక్ క్లీనర్ ఎవరి దగ్గరైనా దొరికితే వేడి నీళ్లలో కొద్దిగా పాత్రల సబ్బు కలిపి పది, పదిహేను నిమిషాలు నడపండి. అందులో పెట్రోలు మాత్రం పోయొద్దు. దాని తర్వాత కూడా పైన చెప్పిన స్ప్రే పరీక్ష చేయాలి.

7. ఏది మార్చాలి, ఏది ఉంచాలి

కిట్ కొన్నాం కదా అని అందులోవన్నీ వేసేయొద్దు. చవక కిట్ల జెట్ల మీద ఉండే నంబరును నమ్మడం కష్టం. కంపెనీ జెట్ శుభ్రమై, గాడి బాగుంటే దాన్నే తిరిగి వేయండి.

☐ తప్పక మార్చాల్సినవి: అడుగు గిన్నె ప్యాకింగ్, మిక్స్చర్ స్క్రూ ఓ రింగ్, మానిఫోల్డ్ ఓ రింగ్. ఇథనాల్ పెట్రోల్‌కి పాత రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. విటాన్ (పెట్రోలును బాగా తట్టుకునే రబ్బరు) రకం దొరికితే మంచిది.

☐ చూసి మార్చాల్సినవి: ఫ్లోట్ నీడిల్. మొన చుట్టూ గోటికి తగిలే ఉంగరం లాంటి గీత ఉంటే తీసేయండి. అది కూర్చునే ఇత్తడి సీటును ఇయర్‌బడ్‌కి కొద్దిగా మెటల్ పాలిష్ రాసి రుద్ది, బాగా కడగండి.

☐ ఫ్లోట్: చెవి దగ్గర ఊపితే లోపల ద్రవం చప్పుడైతే చిల్లు పడినట్టు. వేడి నీళ్లలో ముంచితే బుడగలొస్తాయి.

☐ జెట్ నీడిల్: మధ్యలో మెరిసే చదును గుర్తు పడితే అరిగింది. నీడిల్‌నూ, అది దూరే నీడిల్ జెట్‌నూ జతగా మార్చాలి, ఒక్కదాన్నే కాదు.

8. ఫ్లోట్ లెవెల్

దీన్ని చాలామంది దాటేస్తారు. గిన్నెలో పెట్రోలు ఎత్తు తక్కువైతే రేస్ ఇచ్చినప్పుడు బండి గుక్కపడుతుంది. ఎక్కువైతే నల్లపొగ వస్తుంది, కారుతుంది.

1. ఫ్లోట్, నీడిల్, పిన్ బిగించండి. ప్యాకింగ్ తీసి ఉంచండి.

2. బాడీని పక్కకు వంచుతూ, ఫ్లోట్ నాలుక నీడిల్ వెనకున్న చిన్న స్ప్రింగు మొనను ముట్టుకునే చోట ఆపండి. స్ప్రింగు నొక్కుకోకూడదు. బాడీని పూర్తిగా తలకిందులు చేసి కొలిస్తే ఫ్లోట్ బరువుకి స్ప్రింగు దిగిపోయి తప్పు లెక్క వస్తుంది.

3. ప్యాకింగ్ కూర్చునే అంచు నుంచి ఫ్లోట్ దూరపు అంచు దాకా కొలవండి. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన అంకెతో పోల్చండి.

4. తేడా ఉంటే నీడిల్‌ను నొక్కే సన్న ఇత్తడి నాలుకను మాత్రమే వెంట్రుకవాసి వంచండి. నాలుక కూడా ప్లాస్టిక్ అయితే వంచే వీలుండదు, ఫ్లోట్ మార్చడమే దారి.

5. లీకు పరీక్ష: పెట్రోలు తగలని కొత్త పైపు తగిలించి, బాడీని తలకిందులు పట్టుకుని నోటితో మెల్లగా ఊదండి. గాలి పోకూడదు. నిటారుగా తిప్పితే పోవాలి.

9. తిరిగి బిగించడం

జెట్లు మర పట్టేదాకా వేళ్లతో తిప్పి, తర్వాతే డ్రైవర్ పెట్టండి. మొదటి చుట్టే బిగుతుగా ఉంటే అడ్డంగా పడినట్టు, వెనక్కి విప్పి మళ్లీ మొదలుపెట్టండి. అడుగు తగిలాక మణికట్టు మీద కొంచెం బిగింపు, అంతే.

మిక్స్చర్ స్క్రూకి ముందు స్ప్రింగు, తర్వాత వాషర్, చివర ఓ రింగ్. లోపలికి పోయేటప్పుడు ముందు పోయేది ఓ రింగే. అడుగు తగిలించి, రాసుకున్నన్ని చుట్లు వెనక్కి విప్పండి. లెక్క పోయిందా? మాన్యువల్ చూడండి. అదీ లేకపోతే రెండు చుట్ల దగ్గర మొదలుపెట్టండి, స్టార్ట్ అవడానికి చాలావరకు అది చాలు.

సీవీ డయాఫ్రం. తొందరపడొద్దు. స్లయిడ్ నీడిల్‌ను జెట్‌లోకి దించి, అంచున ఉండే చిన్న చెవిని బాడీ గాడిలో కూర్చోబెట్టండి. ఫిల్టర్ వైపు నోట్లోంచి వేలు పెట్టి స్లయిడ్‌ను సగం పైకెత్తి పట్టుకుంటే డయాఫ్రం ముడతలు పోయి, అంచు చుట్టూ గాడిలో సమంగా పడుతుంది. అలాగే పట్టుకుని స్ప్రింగు, మూత పెట్టి స్క్రూలు ఎదురెదురుగా బిగించండి. ఇప్పుడు స్లయిడ్‌ను పూర్తిగా పైకెత్తి, దాని అడుగున ఉన్న చిన్న గాలి రంధ్రాన్ని వేలితో మూసి వదలండి. నెమ్మదిగా దిగాలి. టక్కున పడితే అంచు ఎక్కడో మడత పడింది, లేదా డయాఫ్రం చిల్లు.

స్లయిడ్ రకం. స్లయిడ్ అడుగున కోసినట్టుండే వాలు ఫిల్టర్ వైపు ఉండాలి. పక్కనున్న నిలువు గాడి బాడీలోని పిన్నులో పడాలి. తిరగేసి దూర్చితే స్లయిడ్ కిందికి దిగదు, స్టార్ట్ చేయగానే ఇంజన్ గొంతు చించుకుంటుంది.

కార్బొరేటర్ ఎక్కించే ముందు ట్యాంకు చూడండి. 1వ భాగంలో సీసాలో తుప్పు కనిపించి ఉంటే, ట్యాంకు ఖాళీ చేసి, ట్యాప్ విప్పి, దాని జాలీ కడిగి, లోపల కొద్దిపాటి పెట్రోలుతో రెండు మూడుసార్లు గిలకరించి డబ్బాలోకి వంపేయండి. ఇది వదిలేస్తే ఇంత పనీ వారంలో వృథా.

స్టార్ట్ చేసే ముందు:

☐ క్లిప్పులు రెండూ రబ్బరు గాడిలో సరిగ్గా కూర్చున్నాయా?

☐ యాక్సిలరేటర్ తిప్పి వదిలితే టక్కున వెనక్కి వస్తోందా? హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, కుడికి తిప్పి కూడా చూడండి.

☐ ట్యాప్ తెరిచి అయిదు నిమిషాలయ్యాక ఎక్కడా చుక్క లేదా?

☐ ఇంజన్ ఆయిల్‌లో పెట్రోలు వాసన ఉందా? మట్టం పెరిగిందా? ఇంతకుముందు ఓవర్‌ఫ్లో అయిన బండైతే పెట్రోలు ఇంజన్‌లోకి దిగి ఉండొచ్చు. అలా ఉంటే ఆయిల్ మార్చకుండా స్టార్ట్ చేయొద్దు, పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడదు.

10. ట్యూనింగ్

చల్లటి ఇంజన్ మీద ట్యూన్ చేస్తే వేడెక్కాక తప్పుతుంది. ముందు పది నిమిషాలు బండి తిప్పి రండి. చోక్ పూర్తిగా వెనక్కి.

మిక్స్చర్ స్క్రూ ఏ వైపుందో చూసుకోండి. స్లయిడ్ లేదా బటర్‌ఫ్లైకి ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని అదుపు చేస్తుంది, బయటికి విప్పే కొద్దీ పెట్రోలు పాలు తగ్గుతుంది. ఇంజన్ వైపు ఉంటే పెట్రోలును అదుపు చేస్తుంది, బయటికి విప్పే కొద్దీ పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇది తారుమారు చేసుకుంటే సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటారు.

1. ఐడ్లింగ్ స్క్రూతో వేగం మామూలుకంటే కొంచెం పెంచండి.

2. మిక్స్చర్ స్క్రూ పావు చుట్టు తిప్పి, కొన్ని క్షణాలు ఆగి వినండి. వేగం పెరిగితే అదే దిశలో ఇంకో పావు. తగ్గితే వెనక్కి.

3. వేగం అత్యధికంగా, చప్పుడు సమంగా ఉన్న చోట ఆపండి.

4. ఐడ్లింగ్ స్క్రూతో మాన్యువల్ చెప్పిన వేగానికి దించండి. చాలా 100 నుంచి 150 సీసీ బండ్లకు 1,400 ఆర్‌పీఎం అటూ ఇటూ. పాత బుల్లెట్ అంతకంటే తక్కువలో నిలుస్తుంది.

5. ఒక్కసారి రేస్ ఇచ్చి వదలండి. వేగం దిగడానికి బద్ధకిస్తే పెట్రోలు పాలు తక్కువ. ఐడ్లింగ్ కంటే కిందికి పడిపోయి మళ్లీ లేస్తే ఎక్కువ. పావు చుట్టులో సరిపోతుంది.

చెవి మీద నమ్మకం లేకపోతే ఎలాగూ చేయించాల్సిన పీయూసీ పరీక్షకు వెళ్లండి. అక్కడి యంత్రం చూపే కార్బన్ మోనాక్సైడ్ అంకె ఐడ్లింగ్ మిశ్రమాన్ని చెవికంటే నిక్కచ్చిగా చెబుతుంది.

ఇక కోస్తా నుంచి వచ్చిన బండి సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, గాలి ఎనిమిది, తొమ్మిది శాతం పలచన. నెల్లూరులో సరిగ్గా నడిచిన బండికి ఇక్కడ అదే పెట్రోలుకు గాలి తక్కువవుతుంది. పైన చెప్పిన పద్ధతిలో మిక్స్చర్ స్క్రూ కొద్దిగా సవరిస్తే చాలు, మెయిన్ జెట్ మార్చమనే సలహా వినక్కర్లేదు. ఇక్కడ ట్యూన్ చేసిన బండి మీద సంక్రాంతికి ఊరు వెళ్తే మాత్రం ఇదే తలకిందులవుతుంది: ఐడ్లింగ్ పలచబడి, పొద్దున్నే స్టార్టింగ్ మొండికేస్తుంది. వెళ్లే ముందు స్క్రూ స్థానం రాసుకుని, అక్కడ పావు చుట్టు సవరించుకోండి.

11. అయినా తేడా ఉంటే

ఐడ్లింగ్ నిలవదు, మిక్స్చర్ స్క్రూ ఎటు తిప్పినా తేడా లేదు: పైలట్ దారి ఇంకా మూసుకునే ఉంది. మళ్లీ దించి 6వ భాగం చేయండి. ఇదే ఎక్కువగా జరిగేది.

వేగం దానంతటదే పెరుగుతూ పోతోంది: ఎక్కడో గాలి లీకు. ఇంజన్ నడుస్తుండగా మానిఫోల్డ్ చుట్టూ కొద్దిగా నీళ్లు స్ప్రే చేయండి. చప్పుడు మారిన చోటే లీకు. వేడి ఇంజన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టే అలవాటు కొందరికి ఉంది, అది మంటతో చెలగాటం.

ఓవర్‌ఫ్లో ఆగలేదు: గిన్నె మీద మెల్లగా తట్టండి, ఆగితే నీడిల్ కింద మురికి. ఆగకపోతే పారదర్శక పైపును డ్రెయిన్‌కి తగిలించి, గిన్నె పక్కన నిటారుగా పట్టుకుని, స్క్రూ వదులు చేయండి. పైపులో కనిపించే మట్టమే లోపలి మట్టం. అది గిన్నె అంచు దాటి పైకి పోతుంటే నీడిల్, సీటు మళ్లీ చూడాలి. అంచు లోపలే ఉండి కూడా కారుతుంటే గిన్నెలోని ఓవర్‌ఫ్లో గొట్టానికి నిలువు పగులు ఉండొచ్చు.

సీవీ బండి సగం రేస్ దాటాక లాగదు: డయాఫ్రం మడత లేదా చిల్లు.

మధ్య వేగంలో కుదుపులు: నీడిల్ క్లిప్పు గాడి మారిందేమో చూడండి. క్లిప్పు కిందికి జరిపితే నీడిల్ లేచి పెట్రోలు పెరుగుతుంది, పైకి జరిపితే తగ్గుతుంది.

ఒకేసారి ఒక్క మార్పే చేయండి. జెట్, క్లిప్పు, స్క్రూ మూడూ కలిపి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

12. మళ్లీ ఈ పని పడకుండా

మూడు వారాలకు మించి బండి వదిలేసి వెళ్తుంటే ట్యాప్ మూసి, డ్రెయిన్ స్క్రూ తెరిచి గిన్నె ఖాళీ చేయండి. గిన్నెలో ఉండేది కొద్ది పెట్రోలే కాబట్టి ముందు ఆరి జిగురయ్యేది అదే. ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ చోటున్న కొద్దీ తేమ చేరి తుప్పు పడుతుంది.

పైపు మధ్యలో చిన్న ఫిల్టర్ పెట్టుకోవచ్చు, బాణం గుర్తు కార్బొరేటర్ వైపు ఉండాలి. మరీ చిక్కటి జాలీ ఉన్నది గురుత్వాకర్షణతో దిగే ధారను ఆపేస్తుంది, వేశాక 1వ భాగంలోని ధార పరీక్ష మళ్లీ చేయండి.

కడగడానికి వాడిన పెట్రోలు సింకులోనో, కాలువలోనో పోయొద్దు. మూత ఉన్న డబ్బాలో పట్టి, పాత ఇంజన్ ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో అడిగి ఇచ్చేయండి. తడిసిన గుడ్డలు ఆరుబయట పూర్తిగా ఆరాకే చెత్తలో వేయండి.